పొగాకు అవ్వ అరచేతులు

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో ఉండగా, ఒక నోటుపుస్తకంలో ప్రతి పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా గీత గీశాను. ఎడమ పక్క 'మందు' అని, కుడి పక్క 'విషం' అని రాశాను. చింతామణిలో తాలూకా విజ్ఞాన మేళ జరగబోతోందని, మన చుట్టూ ఉండే మొక్కల మీద ఒక చార్టు చెయ్యమని మా మేష్ట్రు నన్ను ఎంచుకున్నారు. మాది కర్ణాటక. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడ. అందుకే ఆ పుస్తకంలో తెలుగు మాటలన్నీ కన్నడ అక్షరాల్లో ఉంటాయి. తెలుగు రాయడం నేను ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. చేతిరాత చాలా బాగుంటుంది. తెరవాలంటే మాత్రం మనసు ఒప్పుకోదు.

జాబితాలు రాయడం నాకు అప్పటికే పిచ్చి. ఊర్లోకొచ్చే బస్సుల నంబర్లు, మా మల్బరీ తోటలో సాళ్ళు, తోటకు నీళ్ళు వదిలే రోజులు, అన్నీ రాసుకునేవాణ్ణి. మాది పట్టుపురుగులు పెంచే ఇల్లు. ఇంటి వెనక వాటికి వేరే ఒక పొడుగాటి గది ఉండేది. దాన్ని పురుగులిల్లు అనేవాళ్ళం. పురుగులు ఆకు తినడం మాని, కదలకుండా తల పైకెత్తి పడుకుని, పాత చర్మం విడిచే రోజుల్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే ఇక ఏడెనిమిది రోజులు రాత్రీ పగలూ తింటాయి. వర్షం పడుతున్నట్టు చప్పుడు వస్తుంది. ఆ తర్వాత గూడు కడతాయి. ఆ ఏడెనిమిది రోజులు మా ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర ఉండేది కాదు.

పురుగులకు ఘాటు వాసనలు పడవు. అన్నిటికంటే పడనిది పొగాకు. పొగాకు తగిలిన వేలు ఆకును తాకినా చాలంటారు. అలాంటి ఇంట్లో పురుగుల్ని అందరికంటే బాగా చూసుకునే మనిషి పొగాకు నమిలే అవ్వ కావడం విచిత్రమే. ఆమె మాకు చుట్టం కాదు. ఊరి చివర ఒంటరిగా ఉంటూ, నేను పుట్టక ముందు నుంచీ మా తోటలో ఆకు కోస్తూ, తట్టల్లో మేత వేస్తూ ఉండేది. ఊరంతా ఆమెను పొగాకు అవ్వ అనే పిలిచేది. ఆమె పద్ధతి ఆమెకుండేది. పొగాకు తిత్తిని పశువుల కొట్టం గోడలో ఒక గూట్లో పెట్టేది. మూడుసార్లు నోరు పుక్కిలించేది. బూడిదతో మోచేతుల దాకా తోముకునేది. మళ్ళీ కుంకుడుకాయ. ఆ తర్వాతే గడప దగ్గర పరిచిన సున్నం తొక్కి లోపలికి అడుగు పెట్టేది. ఒక్క రోజు కూడా ఆమె ఈ వరుస తప్పడం నేను చూడలేదు. మా తాతయ్య బీడీ ఆర్పి, చెయ్యి పంచెకు తుడుచుకుని లోపలికి వెళ్ళేవాడు. అది కూడా రోజూ చూసేవాణ్ణి. కానీ దాన్ని ఎక్కడా రాసుకోలేదు.

అవ్వకు మొక్కలు బాగా తెలుసు. ఊర్లో ఎవరికి సెగ్గడ్డ లేచినా, పసిపిల్లలకు కడుపు ఉబ్బినా ఆమె గుడిసెకే వెళ్ళేవాళ్ళు. అందుకని నా చార్టు కోసం నేనూ పుస్తకం పట్టుకుని ఆమె వెనకాల తోటలో తిరిగాను. మొదటి రోజే పేచీ వచ్చింది.

"అవ్వా, ఉమ్మెత్త యే పక్క రాయల్ల?"

"యే పక్కంటే? రెండు పక్కలా రాసుకో నాయనా."

"అట్ల రాస్తే మేష్ట్రు తప్పంటాడు. ఒకటే చెప్పు."

"అయితే మీ మేష్ట్రుకు మోకాలు వాచినప్పుడు ఆకు వెచ్చజేసి కట్టి ఈ పక్క రాసుకో. గింజలు మింగి గుడ్డలిప్పుకోని ఎగిరేటప్పుడు ఆ పక్క రాసుకో. పో!"

నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. ఆమె ఏ మొక్క గురించి చెప్పినా ఇదే గొడవ. ఆముదం నూనె పసిబిడ్డ నాలిక మీద వేసేది, దాని గింజ మాత్రం మేక తిన్నా కష్టమే. సీతాఫలం గింజల పొడి తలలో పేలకు మందు, కంట్లో పడితే చూపే పోతుంది. చదువు రాని మనిషి కదా, విడదీసి చెప్పడం చేతకాదనుకున్నాను. నాకు వీలైన పక్క రాసుకుని గీత దాటకుండా చూసుకున్నాను.

పొగాకు దగ్గరికొచ్చేసరికి ఆమె కూర్చుని మరీ చెప్పింది. అప్పట్లో మా దూడకు చెవుల చుట్టూ, మెడ కింద పిడుదులు పట్టి ఉన్నాయి. రక్తం తాగి చింతగింజల్లా ఉబ్బిన పురుగులవి. వాటికి పొగాకు కాడల నీళ్ళు మందు. ఆమె చెప్పినవి ఐదు. ఒకటి, కాడలు ఎన్ని, నీళ్ళు ఎన్ని, ఎంతసేపు కాచాలి. రెండు, చల్లారాక వడగట్టడం. మూడు, పిడుదులున్న చోటే పూయాలి తప్ప ఒళ్ళంతా కాదు. నాలుగు, దూడ నాకకుండా మూతికి చిక్కం కట్టి, గంట తర్వాత కడిగెయ్యాలి. నాకితే దూడకే ప్రాణం మీదికొస్తుంది. ఐదు, వడగట్టిన గుడ్డను కాల్చెయ్యాలి. ఆ గుడ్డగానీ కుండగానీ చెయ్యిగానీ ఆ రోజుకు పురుగులింటి దిక్కే పోకూడదు.

నా చార్టులో నాలుగు గడులున్నాయి. మొక్క పేరు, వాడే భాగం, దేనికి, ఎలా వాడాలి. మొదటి నాలుగు మాటలూ 'ఎలా వాడాలి'లో పట్టాయి. ఐదోది నాకు మందూ కాదు, విషమూ కాదు, వాడకమూ కాదనిపించింది. అది దూడ సంగతి కూడా కాదు. ఏ గడిలోకీ రాలేదు. పెన్నుకు మూత పెట్టేశాను.

"ఐదోదీ రాసుకున్నావా?" అని అవ్వ అడిగింది.

"ఊఁ" అన్నాను.

ఆ శనివారం బడి ఒంటిపూటే. పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచి నాలుగు రోజులైంది. అవ్వ తోటలో ఆకు కోస్తోంది. ఇంట్లోవాళ్ళు మేత వేసి కాస్త నడుం వాల్చారు. అవ్వ ముందే ఇచ్చిన కాడల్ని పశువుల కొట్టం వెనక డబ్బాలో కాచాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను. వడగట్టడానికి గుడ్డ కావాల్సి వచ్చింది. కొట్టం పక్క గోడ మీద గోనెపట్టలు ఆరుతున్నాయి. కోసిన ఆకు వాడిపోకుండా తడిపి కప్పే పట్టలు అవి. చివర ఉన్నదాన్ని తీసుకున్నాను. పని అయ్యాక బోరు నీళ్ళ కింద రెండుసార్లు బాగా పిండి, తీసిన చోటే మళ్ళీ ఆరేశాను. శుభ్రంగా చేశాననే అనుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ కోసిన ఆకును మా అమ్మ రెండు కుప్పలుగా పోసి, పట్టలు తడిపి కప్పింది.

ఆదివారం పొద్దున్నే నేను దూడ దగ్గర కూర్చుని కింద రాలిన పిడుదుల్ని లెక్కపెట్టాను. పద్నాలుగు. పుస్తకంలో రాసుకున్నాను. ఆ సమయానికే పురుగులింట్లో మేత వేస్తున్నారు. మధ్యాహ్నానికి అమ్మ కేక వినిపించింది.

ఆ దృశ్యాన్ని ఇప్పుడు కూడా వరుసగా చెప్పగలను. పురుగులు మేత మీది నుంచి తలలెత్తి గాలిలో అటూ ఇటూ ఊపుతున్నాయి. నోటి నుంచి గోధుమరంగు నీళ్ళు కక్కుతున్నాయి. ఒళ్ళు కురచబడి, పట్టు తప్పి తట్ట మీద దొర్లిపోతున్నాయి. వర్షం చప్పుడు ఆగిపోయింది. మా తాతయ్య ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూసి ఒకే మాట అన్నాడు.

"పొగాకు."

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. అవ్వ అప్పుడే తోట నుంచి వచ్చి చేతులు తోముకుంటోంది.

"కోసిన చెయ్యి నీదే కదమ్మా!" అని మా చిన్నమ్మ అరిచింది. "నోట్లో పెట్టుకోని ఆకు కోసినావా? నిజం చెప్పు!"

"ల్యా తల్లీ. తోటలోకి తిత్తి ఎప్పుడు తెచ్చినా నేను?"

"మరి పురుగులు ఊరికే సస్తాయా? ఊర్లో ఇంకెవురికుండాది ఆ పాడు వాడుక?"

అవ్వ చేతులు కడుక్కుని సున్నం తొక్కింది. లోపలికొచ్చి తట్టలన్నీ చూసింది. ఆకు కుప్పల దగ్గరికి వెళ్ళి ఒక పట్ట ఎత్తి వాసన చూసింది. పక్కన పెట్టింది. రెండోది ఎత్తి ముక్కుకు ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత నా వైపు చూసింది. నా చేతిలో ఆ నోటుపుస్తకం ఉంది.

నేను పుస్తకాన్ని వెనక్కి దాచుకున్నాను.

"ఈ పట్ట కాల్చేయండప్పా. వచ్చే పంటకు దీన్ని పెట్టుకోవద్దు" అని తాతయ్యతో అంది. అంతే అంది. చిన్నమ్మకు అది తప్పు ఒప్పుకున్నట్టే వినిపించింది. తాతయ్యకూ అలాగే వినిపించింది. మరుసటి రోజు నుంచి రావద్దన్నాడు.

ఇక్కడ నేను రాయాల్సింది ఇంకొకటి ఉంది. మొత్తం పద్దెనిమిది తట్టలు. పదకొండింట్లో పురుగులు చచ్చాయి. ఏడింట్లో ఏమీ కాలేదు. ఆ ఉదయం ఆ పట్ట కప్పిన కుడి కుప్ప నుంచి మా అమ్మ మేత వేసిన తట్టలు పదకొండు. ఎడమ కుప్ప నుంచి అవ్వ వేసినవి ఏడు. అంటే ఆమె చెయ్యి పడిన తట్టలే బతికాయి. ఆ గొడవలో ఎవరూ లెక్కపెట్టలేదు. నేను లెక్కపెట్టాను. అలవాటు కొద్దీ, అక్కడే నిలబడి, ఏడుస్తున్న అమ్మ పక్కనే. ఆమెను కాపాడే లెక్క ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు. నోరు తెరవలేదు.

చచ్చిన పురుగుల్ని గుంట తీసి సున్నం చల్లి పూడ్చారు. రెండు రోజులు మా ఇంట్లో సరిగా పొయ్యి వెలగలేదు. పని పోవడంతో అవ్వ కష్టం ఆగలేదు. పురుగుల్ని చంపిన చెయ్యి అన్న మాట ఊర్లో పాకింది. మా పక్కింటి అక్క తన పసిబిడ్డకు ఆమెతో వస కొమ్ము అరగదీయించి నాకించేది. అది మానేసింది. అవ్వ గుడిసె ముందు మనుషులు పలచబడ్డారు. బడికి పోతూ ఆ దారి తప్పించి, చెరుకు చేను చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

విజ్ఞాన మేళలో నా చార్టుకు మొదటి బహుమతి వచ్చింది. జామెట్రీ బాక్సు ఇచ్చారు. చూడ్డానికొచ్చిన అధికారి ఒకాయన పొగాకు గడి మీద వేలు పెట్టి, నువ్వే చేసి చూశావా అని కన్నడలో అడిగాడు. చేశాను సార్, పద్నాలుగు పిడుదులు రాలాయి అన్నాను. దీనివల్ల నష్టమేమైనా జరిగిందా అని అడిగాడు. ఏమీ లేదు సార్ అన్నాను. నా గొంతు కొంచెం కూడా వణకలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

తర్వాతి పంట వేసేనాటికి కూలీలు దొరకడం కష్టమైంది. ద్రాక్ష కోతల కాలం. పొద్దున్నే ట్రాక్టరు వచ్చి ఊర్లో ఆడవాళ్ళందరినీ ఎక్కించుకుని పోయేది. మా అమ్మ ఒక్కతే ఆకు కోసి, మేత వేసి జ్వరం తెచ్చుకుంది. చివరికి తాతయ్య అవ్వకు కబురు పెట్టాడు. ఒక షరతు మీద. లోపలికి వెళ్ళే ముందు రోజూ ఆమె చేతులు ఎవరైనా వాసన చూడాలి.

"వీణ్ణి చూడమనండి" అని చిన్నమ్మ నన్ను ముందుకు తోసింది. "బీడీ తాగడు, ఆకు నమలడు. వాసన బాగా కనిపెడతాడు."

అలా ఆమె చేతులకు నన్ను కాపలా పెట్టారు.

మొదటి రోజు ఆమె గడప అవతల నిలబడి రెండు అరచేతులూ నా ముఖం ముందుకు చాచింది. తోమి తోమి గీతలన్నీ తెల్లబడి ఉన్నాయి. చూపుడువేలి పక్కన ఆకు కాడలు గిల్లీ గిల్లీ కట్టిన కాయ. బూడిద, కుంకుడుకాయ, మల్బరీ పాల వాసన. అంతే. నేను తల ఎత్తకుండా, "బాగుండాది" అన్నాను. ఆమె సున్నం తొక్కి లోపలికి పోయింది.

రోజూ అదే. ఒక్కోసారి ఆమే నవ్వించాలని చూసేది. "వేళ్ళ సందుల్లో గూడా చూడు నాయనా. మొదటి ప్రైజు ముక్కు కదా నీది" అనేది. ఆ మాటలో ఎక్కడా దెప్పు వినిపించేది కాదు. దెప్పి ఉంటే నాకు తేలికయ్యేదేమో.

పదహారో రోజు పట్టలేక, సాయంత్రం తోటలోకి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను. పట్ట సంగతి, ఐదో మాట రాసుకోకపోవడం, 'ఊఁ' అని అబద్ధం చెప్పడం, పదకొండు, ఏడు, అన్నీ వరుసగా చెప్పి ఏడ్చాను. ఆమె కొయ్యడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తాండావు? నాకు తెలుసు కదా. తెలీనోళ్ళకు చెప్పు."

"ఆ పొద్దే నువ్వెందుకు చెప్పలేదవ్వా?"

అప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "నువ్వే చెప్తావనుకుంటి" అంది.

మళ్ళీ కొమ్మ వంచి ఆకు కోస్తూ, "పొగాకు మీద నాకేం కోపం ల్యా. అది దాని పని అది చేసింది. దూడ బతికె, పురుగు సచ్చె. ఎవురికి పడుతుందో ఎవురికి పడదో చూడాల్సింది మనం" అంది. బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆమెతో చెప్పాక నాకు చాలా తేలికగా అనిపించింది. అదే నా నీచత్వం. ఆ తేలికతో ఇంకో మూడు పొద్దులు గడిపాను. నాకు కారణాలుండేవి: తాతయ్య చెర్నాకోల, మేష్ట్రు ముఖం, జామెట్రీ బాక్సు. ఆ మూడింటినీ ఒక వైపు పెట్టి, ఆమె చేతుల్ని ఇంకో వైపు పెట్టి, మూడు పొద్దులూ వాటినే ఎంచుకున్నాను. మొత్తం పంతొమ్మిది సార్లు ఆ అరచేతుల్ని వాసన చూశాను.

ఇరవయ్యో పొద్దున ఆమె చేతులు చాచినప్పుడు నేను ముక్కు దగ్గరికి తీసుకోలేకపోయాను. అరుగు మీద తాతయ్య బీడీ తాగుతున్నాడు. చిన్నమ్మ కళ్ళాపి చల్లుతోంది.

"తాతా, ఆ పట్టతో పొగాకు నీళ్ళు వడగట్టింది నేను" అన్నాను.

ఒక్కసారి మొదలయ్యాక అన్నీ చెప్పాను. తాతయ్య ఒకే ప్రశ్న అడిగాడు.

"ఆ పొద్దే తెలుసునా నీకు?"

"తెలుసు."

చెర్నాకోల గోడకు వేలాడుతూనే ఉంది. ఆయన దాని వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. బీడీ కింద పడేసి కాలితో నలిపి, గడప దగ్గరికొచ్చి, అవ్వ ముందు తన రెండు చేతులూ చాచాడు. మా తాతయ్య ఇంకొకరి ముందు అలా చేతులు పెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

"చూడమ్మా" అన్నాడు.

"అయ్యో, మీ చేతులు నేను చూసేదేందప్పా!"

"చూడు. ఇన్నాళ్ళూ నీ చేతులే చూస్తిమి."

అవ్వ కొంచెంసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత వంగి, నిజంగానే వాసన చూసింది. ముఖం చిట్లించింది.

"బీడీ కంపు. పోయి తోముకోండి."

చిన్నమ్మ చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది. తాతయ్య కొట్టం దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, బూడిదతో మోచేతుల దాకా తోముకున్నాడు. నేను బోరు నీళ్ళు పట్టి పోశాను. ఆ రోజు నుంచి ఆయన అలా తోముకోకుండా పురుగులింట్లోకి వెళ్ళలేదు.

దాంతో అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధమవుతుంది. పట్ట సంగతిని తాతయ్య ఊర్లో నలుగురికీ చెప్పాడు, అమ్మ చెప్పింది, నేనూ చెప్పాను. కొందరు అవ్వ దగ్గరికి మళ్ళీ వచ్చారు. పక్కింటి అక్క మాత్రం రాలేదు. ఎందుకైనా మంచిదిలే అంది. జామెట్రీ బాక్సును మేష్ట్రుకు తిరిగి ఇచ్చాను. ఆయన తీసుకుని బీరువాలో పెట్టేశారు. అవ్వ ఇంకో ఆరేళ్ళు మా ఇంట్లో పని చేసి, నేను బెంగళూరులో చదువుతుండగా పోయింది. అప్పుడు నాకు పరీక్షలు. వెళ్ళలేదు. అది కూడా ఇక్కడే రాసిపెడుతున్నాను.

ఇప్పుడు మందుల నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తున్నాను. నేను తూచే పొడుల్లో కొన్ని ఉమ్మెత్త జాతి మొక్కల నుంచి వచ్చేవే. ఒకే సీసా మీద పుర్రె బొమ్మ ఉంటుంది, దాని కిందే మందు పేరూ ఉంటుంది. నా నోటుపుస్తకంలోని గీత ఆ సీసా మీద ఎక్కడా లేదు. ప్రతి పదార్థానికీ మేము నింపే కాగితంలో ఎవరికి ఇవ్వకూడదు, దేనికి తగలకూడదు అని ఒక గడి ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని తొందరగా దాటేస్తుంటారు. నేను మొదట అక్కడి నుంచే నింపుతాను. ఆ పాత నోటుపుస్తకంలో పొగాకు పేజీలో ఐదో మాట కూడా రాశాను. సిరా రంగు వేరుగా, ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది. కనిపించనీ.

సాయంత్రం గది నుంచి బయటికొచ్చే ముందు చేతులు కడుక్కుని, రెండు అరచేతులూ ఒకసారి ముఖం ముందు పెట్టుకుంటాను. సబ్బు వాసన తప్ప ఏమీ ఉండదు. పక్కన పనిచేసేవాళ్ళు ఇదేం అలవాటని నవ్వుతారు. బాగున్నాయో లేదో చెప్పాల్సిన మనిషి అక్కడ లేదు. పంతొమ్మిది పొద్దులు నేను తల ఎత్తకుండా చెప్పిన 'బాగుండాది' అన్న ఆ మాట, నా చేతుల గురించి మాత్రం ఇంతవరకూ నేను అనలేకపోయాను.